పదహారేళ్ల అమ్మాయికి నాలుగున్నర కిలోల బేస్ గిటార్ బరువెక్కువా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిగా మీ ఊరి చర్చిలో బేస్ గిటార్ (లావు తీగలతో మంద్ర స్వరాలు పలికే గిటారు) వాయిస్తోంది. గిటారు 4.6 కిలోలు, అమ్మాయి 46 కిలోలు. అరగంట నిలబడితే ఎడమ భుజం మండుతోందని, ఆరాధన అయ్యేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయని చెబుతోంది. బృందంలో పెద్దవాళ్లేమో అలవాటైపోతుందిలే అంటున్నారు. తేలిక గిటారు కొంటే సౌండ్ పోతుందని కూడా అంటున్నారు. ఏం చేయమంటారని అడిగారు.

అలవాటవదండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకూ అదే చెప్పారు, నేనూ నమ్మాను. అలవాటయ్యేది నొప్పి. నొప్పి అలవాటైనవాడు అదే బరువు ఇంకో గంట మోస్తాడు. ఆ గంట నరాల మీదికి వస్తుంది.

నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 1999 నుంచి బేస్ వాయిస్తున్నాను, మొదట ఆర్కెస్ట్రాలో, తర్వాత చర్చిలో. వినాయక చవితి పందిళ్లతో మొదలైతే దసరా దాటేదాకా మాకు రాత్రి నిద్ర ఉండేది కాదు. తొమ్మిదింటికి బెల్టు భుజాన వేసుకుంటే తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో తీసేవాణ్ణి. నాది ఐదు తీగల గిటారు. ఎంత బరువుందో అప్పట్లో పట్టించుకోలేదు. తర్వాత రొయ్యల చెరువు మీద పనిచేసే మా బావమరిది దగ్గర ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 4.9 కిలోలు చూపించింది.

2008లో ఒక చవితి పందిట్లో, పాట మధ్యలో, నా చిటికెన వేలు తీగ మీద ఉందో లేదో నాకు తెలియలేదు. చూసుకుంటే ఉంది. నొక్కుతున్నాను, నొక్కినట్టు లేదు. ఆ రాత్రి మూడు వేళ్లతో లాగించేశాను. వారం తిరక్కుండా ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోలేని పరిస్థితి వచ్చింది. నిజానికి అంతకు ముందు రెండేళ్లుగా తిమ్మిరి వస్తూనే ఉంది. చెయ్యి విదిలిస్తే పోయేది కాబట్టి ఇంట్లో కూడా చెప్పలేదు. మొదట చూపించుకున్న చోట నొప్పి బిళ్లలు రాసి పంపారు. గిటారు సంగతి వాళ్లడగలేదు, నేనూ చెప్పలేదు. మీ అమ్మాయి చెప్పుకుంది, మీరు విన్నారు. అక్కడే మీరు నాకన్నా రెండేళ్లు ముందున్నారు.

ఆ తర్వాత కాకినాడలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ గిటారు తెచ్చుకోమన్నారు. బెల్టు వేసుకుని అద్దం ముందు నిలబడమన్నారు. వాయించొద్దు, ఊరికే నిలబడండి అన్నారు. అద్దంలో చూస్తే నా ఎడమ భుజం చెవి దాకా లేచి ఉంది, తల కుడివైపుకి వాలి ఉంది. పదేళ్లుగా నేను అలాగే నిలబడుతున్నానన్నమాట. తర్వాత ఎడమ చెయ్యి వదిలెయ్యమన్నారు. వదలగానే నెక్, అంటే తీగలు నొక్కే పొడుగు భాగం, నేలవైపుకి జారిపోయింది. అంటే అన్నాళ్లూ నా ఎడమ చెయ్యి ఒకవైపు తీగలు నొక్కుతూ, ఇంకోవైపు నెక్ పడిపోకుండా పట్టుకుంటూ రెండు పనులు చేస్తోంది.

మెడలోంచి చేతికి వెళ్లే నరాలు కాలర్ ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్య సందులోంచి వెళతాయట. బెల్టు భుజాన్ని కిందికి లాగుతుంటే మెడ పక్క కండరాలు గంటల తరబడి బిగుసుకుని ఉంటాయి, ఆ సందు ఇరుకైపోతుంది. చిటికెన వేలికి, ఉంగరపు వేలికి స్పర్శ ఇచ్చే నరానికి దానివల్ల ఒత్తిడి తగలొచ్చు. మీ అమ్మాయి చెప్పిన వేళ్లు సరిగ్గా అవే కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను. అదే తిమ్మిరి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలిలో వస్తే, ముఖ్యంగా రాత్రిపూట నిద్రలేపేస్తే, మణికట్టు దగ్గర చూపించుకోవాలి. అది వేరే నరం. మోచేతి దగ్గర నరం నలిగినా చిటికెన వేలే తిమ్మిరెక్కుతుంది. ఎక్కడ నలుగుతోందో చెయ్యి పట్టి పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి, నేను కాదు.

ఇప్పుడు బరువు సంగతి. మామూలు ఎలక్ట్రిక్ గిటారు మూడు, మూడున్నర కిలోలుంటుంది. నాలుగు తీగల బేస్ చాలావరకు మూడున్నర నుంచి నాలుగున్నర మధ్య, ఐదు తీగలదైతే ఇంకా పైన. 1970ల్లో బరువైన యాష్ చెక్కతో చేసిన ఫెండర్ కంపెనీ బేస్ గిటార్లలో ఐదు కిలోలు దాటినవి కూడా ఉన్నాయి. అంకె చూస్తే ఇదేం పెద్ద బరువు అనిపిస్తుంది. ఐదు కిలోల బియ్యం సంచీ మన పిల్లలు చంకన పెట్టుకుని వచ్చేస్తారు కదా.

నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. మా తాత గుర్తొచ్చాక ఆలోచన మారింది. ఆయన అంబాజీపేట వైపు కొబ్బరితోటల్లో కావిడి మోసేవారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెనకాల నడిచేవాణ్ణి. ఒక్కో బుట్టలో ఎన్ని కాయలుండేవో, నా గిటారుకి ఎన్ని రెట్లో చెప్పక్కర్లేదు. అయినా ఆయన భుజం మీద కాయ కాసిందే గానీ చెయ్యి తిమ్మిరెక్కిందని ఎప్పుడూ అనలేదు. కాయలు ఎత్తేటప్పుడు ముందు రెండు బుట్టలూ సమానం చూసుకునేవారు. కాస్త తేడా ఉంటే దించి సర్దేవారు, లేకపోతే బద్దను చేత్తో బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, ఆ చెయ్యి పోతుంది. ఇక దారిలో ఏ చెట్టు దగ్గరో ఆగకుండానే భుజం మార్చుకునేవారు. నడకకి తగ్గట్టు బద్ద ఊగుతుంటే కండరం బిగుస్తూ వదులుతూ ఉండేది.

బేస్ వాయించేవాళ్లకి ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. రెండు వైపులా సమానం కాదు. నడక లేదు, ఒకేచోట నిలబడి ఉండాలి కాబట్టి కండరం బిగుసుకునే ఉంటుంది, దానికి రక్తం సరిగా అందదు. అన్నిటికన్నా ముఖ్యం, భుజం మార్చుకోవడం కుదరదు. కుడిచేతి వాటం వాళ్లకి జీవితాంతం ఎడమ భుజమే. మీ అమ్మాయి విషయంలో నాకు కష్టంగా అనిపించింది ఇదే.

ఇంకో లెక్క చూడండి. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానం, పిల్లల బ్యాగు వాళ్ల ఒంటి బరువులో పదోవంతు దాటకూడదంటుంది. మీ అమ్మాయి గిటారు సరిగ్గా ఆ పదోవంతు దగ్గరే ఉంది. పైగా బ్యాగు రెండు భుజాల మీద ఉంటుంది, ఇది ఒక్కదాని మీదే. నేను 75 కిలోల మనిషిని, నాకు అదే గిటారు పదహారో వంతు. "నేను మోయలేదా" అనే పెద్దవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఈ ఇబ్బంది వాయిద్యంతో పాటే పుట్టింది. అంతకు ముందున్న పెద్ద డబుల్ బేస్ ఇంతకన్నా ఎంతో బరువు, కానీ అది నేలమీద నిలబడేది, మనిషి పట్టుకుంటే చాలు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తీసుకొచ్చాక ఆ మోత భుజం మీదికొచ్చింది. తీగ పొడవు 34 అంగుళాలు, నెక్ పొడుగు, దాని చివర, గిటారు తల దగ్గర, తీగలు బిగించే పెద్ద పెద్ద ట్యూనింగ్ కీస్. అందుకే దాని బాడీకి పైవైపు కొమ్ము ముందుకి సాగదీసి, దాని చివర బెల్టు బటన్ పెట్టారు. ఆ బటన్ పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్ని ఫ్రెట్లంటారు) దరిదాపుల్లోకి వస్తే గిటారు చదునుగా నిలుస్తుంది. బటన్ బాడీ వైపుకి ఎంత వెనక్కి జరిగితే గిటారు తల అంత వాలుతుంది. ఇవాళ ఇంటికెళ్లి అమ్మాయి గిటారుకి ఆ బటన్ ఏ ఫ్రెట్‌కి ఎదురుగా ఉందో చూడండి. బెల్టు వేసుకుని రెండు చేతులూ వదిలెయ్యమనండి. నెక్ ఉన్నచోటే ఉంటే మీ సమస్య బరువొక్కటే. జారిపోతే బరువుకి ముందు దాన్నే సరిచేయాలి.

నేను మొదట చేసిన తప్పు కూడా చెబుతాను. నెక్ వాలకుండా వెనక బటన్‌కి ఒక చిన్న సంచీ కట్టి, అందులో వలకి కట్టే సీసం ముక్కలు వేశాను. నెక్ నిలిచింది. కానీ మొత్తం బరువు ఐదు కిలోలు దాటిపోయింది, రెండు గంటలకే భుజం దిగిపోయింది. బరువు పెట్టి సమానం చేయడం కన్నా గిటారు తల దగ్గర బరువు తీసెయ్యడం మంచిది. అల్యూమినియం లాంటి తేలిక లోహంతో చేసిన ట్యూనింగ్ కీస్ దొరుకుతాయి, హిప్‌షాట్ కంపెనీవి వీటిలో పేరున్నవి. నా ఐదు కీస్ మారిస్తే 200 గ్రాములు తగ్గింది. అంతేనా అనకండి, ఆ 200 గ్రాములు బెల్టు బటన్‌కి మూరకు పైనే దూరంలో ఉన్నవి. కావిడి చివర ఒక్క కాయ తేడా పడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

బెల్టు మీద పెట్టే డబ్బు అన్నిటికన్నా ముందు పెట్టండి. గిటారుతో పాటు ఇచ్చే రెండంగుళాల నైలాన్ బెల్టు మన ఉక్కపోతకి పనికిరాదు. చెమటకి జారుతుంది, జారకుండా భుజం దానంతటదే పైకి లేస్తుంది. నా భుజం చెవి దాకా లేచింది అందుకే. నాలుగంగుళాల వెడల్పున్న తోలు బెల్టు, చొక్కాకి ఆనే వైపు నూగు ఉన్నది, లోపల మెత్త ఉన్నది కావాలి. నేను పాలకొల్లులో తోలుపని చేసే ఆయనకి కొలతలిచ్చి కుట్టించుకున్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. వెడల్పు బెల్టు బరువు తగ్గించదు, కోసుకుపోవడం తగ్గిస్తుంది, నెక్ జారకుండా ఆపుతుంది. రెండు భుజాల మీదుగా వచ్చే బెల్టులు కూడా ఉన్నాయి. నాకు అది ఛాతీ దగ్గర పట్టేసినట్టుండేది, మానేశాను, కానీ మా బృందంలో ఒకతను దాంతోనే హాయిగా ఉన్నాడు. అమ్మాయికి ఒకసారి వేసి చూడండి. ఎత్తు విషయం, గిటారు బాగా కిందికి వేలాడేసుకుంటే మణికట్టు మడత పడుతుంది. కుర్చీలో కూర్చుంటే ఒళ్లో ఎక్కడుంటుందో నిలబడినప్పుడూ అక్కడే ఉండేలా బెల్టు కట్టాలి.

ఇక చర్చిలో. ఇక్కడ మీరు చాలా చేయగలరు, పైసా ఖర్చు లేదు.

వాక్యం చెప్పే ముప్పావు గంటా మన పిల్లలు గిటారు మెడలో వేసుకునే నిలబడతారు, లేదా అలాగే కూర్చుంటారు. తీసి స్టాండు మీద పెడితే మళ్లీ వేసుకునేటప్పుడు చప్పుడవుతుందని, అందరూ చూస్తారని మొహమాటం. స్టాండు పక్కనే పెట్టుకోమనండి, ప్రసంగం మొదలవగానే తీసెయ్యాలి. ప్రార్థన జరిగేటప్పుడు కీబోర్డు సన్నగా మోగుతుంటే చాలు, బేస్ అక్కర్లేదు. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటలకీ మధ్య ఒక్కో పాటే కదా, మిగతాసేపు దించేయొచ్చు. డిసెంబరులో సెమీ క్రిస్మస్‌లు రోజు విడిచి రోజు ఉంటాయి, ఆ నెల ఇంకొకరికి నేర్పించి సగం పాటలు వాళ్లకివ్వండి. ఇరవై నిమిషాలకోసారి ఆ భుజం ఖాళీగా ఉండాలి. మార్చుకోవడానికి ఇంకో భుజం లేదు కాబట్టి దించడమే దారి.

కూర్చుని వాయించడం ఇంకా మంచిది. చేతుల్లేని స్టూలు వెయ్యండి, ప్లాస్టిక్ కుర్చీ అయితే దాని చేతులకి గిటారు తగులుతుంది. మా చర్చిలో ఆరాధనలో కూర్చోవడం మర్యాద కాదని ఇద్దరు పెద్దలు అన్నారు. నేను వెళ్లి నా చెయ్యి చూపించి విషయం చెప్పాను. పాస్టరుగారు ఆ ఆదివారమే స్టూలు వేయించారు. అమ్మాయి తనంతట తాను అడగలేకపోవచ్చు, మీరు అడగండి. ఇంట్లో సాధన మాత్రం మొత్తం కూర్చునే చేయాలి.

గిటారు మోసుకెళ్లడం గురించి ఎవరూ అడగరు. బ్యాగుతో కలిపి ఆరు కిలోలకు పైనే ఉంటుంది. స్కూటీ మీద వీపుకి తగిలించుకుంటే నెక్ తలపైకి లేచి గాలికి వెనక్కి లాగుతుంది, కాలవగట్టు రోడ్డు మీద ప్రతి గుంతా భుజానికే తగులుతుంది. నేను నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు ప్రోగ్రాంకి వెళ్లిన రోజుల్లో స్టేజీ ఎక్కకముందే సగం అలిసిపోయేవాణ్ణి. మీరు తీసుకెళ్లి దించగలిగితే దించండి, లేదా ఆటోలో పెట్టండి. ఆంప్లిఫయర్ గొడవ మాత్రం మీకు లేదు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్వీటీ లాంటి వాల్వు ఆంప్‌లు ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఇప్పటి క్లాస్ డి అనే తేలిక రకం ఆంప్‌లు రెండు మూడు కిలోలే. చర్చిలో అయితే నేరుగా మిక్సర్‌కే పెట్టేస్తారు.

తేలిక గిటారుకి సౌండ్ తగ్గుతుందన్న మాటకి నా జవాబు. ఎలక్ట్రిక్ బేస్‌లో తీగ కదలికని పికప్, అంటే తీగల కింద ఉండే అయస్కాంతపు ముక్క, పట్టుకుంటుంది. తీగలు కొత్తవా పాతవా, పికప్ ఏది, వేళ్లు ఎక్కడ మీటుతున్నాయి, వీటితో సౌండ్ ఎంత మారుతుందో నేను రోజూ వింటాను. కిలో చెక్క తగ్గినందుకు మారిందని ఎవరూ నాతో అనలేదు. నేను ఇప్పుడు వాయించేది 3.4 కిలోలది. గిటారు మార్చానని మా డ్రమ్స్ అతనికి కూడా నేను చెప్పేదాకా తెలియలేదు. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ వాడి ప్రసిద్ధి చేసిన హాఫ్నర్ వయొలిన్ బేస్ 1956లో వచ్చింది. లోపల బోలుగా ఉంటుంది, బరువు రెండున్నర కిలోలకి అటూ ఇటూ, తీగ పొడవు 30 అంగుళాలు. దాని సౌండ్ ప్రపంచమంతా విన్నదే. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ తల అనేదే లేకుండా, కీస్ అన్నీ కిందివైపు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర పెట్టి బేస్ చేశారు. తల లేకపోతే వాలడానికి ఏముంది? ఇప్పుడు ఆ పద్ధతిలో చాలా కంపెనీలు చేస్తున్నాయి.

మీ అమ్మాయికైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ కొనమంటాను. బరువు తగ్గడం ఒకటే కాదు, మొదటి ఫ్రెట్ చేతికి దగ్గరవుతుంది. ఇప్పుడు ఆ ఎడమ చెయ్యి చాచి పట్టుకోవడం వల్ల కూడా భుజం లాగుతోంది. అన్నిటికన్నా లావైన 'ఇ' (E) తీగ మోత కాస్త గుండ్రంగా, మెత్తగా వస్తుంది, చర్చి పాటలకి అది బాగుంటుందని నా అభిప్రాయం. రాజమండ్రి వెళ్లినా విజయవాడ వెళ్లినా సూట్‌కేసు తూచే చిన్న కాటా జేబులో పెట్టుకెళ్లండి. ఒకే మోడల్‌లో రెండు గిటార్లకి కూడా అరకిలో తేడా ఉంటుంది, చెక్కని బట్టి. మూడున్నర కిలోల లోపు చూడండి. కొనేముందు పావుగంట మెడలో వేసుకుని నిలబడనివ్వమని అడగండి. షాపువాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు. చేతులు వదిలి చూడమనండి. ఇంటి నుంచి వెడల్పు బెల్టు తీసుకెళ్లండి.

నాకు ఐదు నెలలు పట్టిందండి చెయ్యి తిరిగి రావడానికి. ఆ ఐదు నెలలూ గిటారు ముట్టుకోలేదు. రోజూ గడ్డం వెనక్కి లాక్కోవడం, వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తేవడం, గుమ్మంలో నిలబడి ఛాతీ సాగదీయడం, ఇవే చేయించారు. అమ్మాయికి ఏవి తగినవో ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి, నావి చూసి మొదలుపెట్టొద్దు.

ఈ ఆదివారం స్టూలు వేయించండి, ప్రసంగమప్పుడు గిటారు దింపించండి. సాయంత్రం ఒకసారి, సోమవారం పొద్దున ఒకసారి ఆ రెండు వేళ్లూ ఎలా ఉన్నాయో అడగండి. సోమవారానికీ తిమ్మిరి ఉన్నా, చేతిలో గ్లాసు జారుతోందన్నా, పెన్ను పట్టు తగ్గిందన్నా కొత్త గిటారు సంగతి తర్వాత, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు గిటారు కూడా పట్టుకెళ్లండి.